నారుమడి లెక్క: విశ్వ యువక్రీడలలో భారతదేశము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)

   

ఈ సభలో భారతమును గూర్చి మాట్లాడవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. వారి యుద్దేశము నన్నయ తిక్కనల భారతమని నేనెరుగుదును. నేను మాత్రము భారతదేశపు బాలబాలికలు ప్రపంచ క్రీడారంగమున గడించిన పతకములను గూర్చి చెప్పదలచితిని. ఈ మాట విని కొందరు మిత్రులు చిరునవ్వు నవ్విరి. పురాణము చెప్పువానికి పరుగుపందెములతో పనియేమని వారి సందేహము. కాని మన గ్రంథాలయమునకు దినపత్రిక వచ్చిన గంటలోపల ముందుగా నలిగిపోవునది ఆటలపుటయే యని గ్రంథపాలకునకు బాగుగా తెలియును. చదువరులు వ్రేలితో వెదకు విషయమును గూర్చి పెద్దలు మాట్లాడకుండుట న్యాయము కాదు. అదియునుగాక, ఇది మన గ్రంథాలయమునకు రజతోత్సవము. నేను చెప్పబోవు లెక్కలో మిక్కిలిగా కనబడునది కూడ రజతమే. కనుక సందర్భము కుదిరినదనియే నా నమ్మకము.

నా వృత్తి లెక్కలు వ్రాయుట. లెక్క వ్రాయువానికి ఒక అలవాటుండును. మొత్తమును చూచి సంతోషింపడు. పద్దు పద్దును చూచి, ఇది ఎక్కడనుండి వచ్చినది, ఎక్కడకు పోయినది అని అడుగును. ఆ దృష్టితోనే ఈ విషయమును మీ యెదుట ఉంచెదను.

పిల్లల విద్యను పదిమందిలో పరీక్షించుట మనకు కొత్తకాదు. ఆదిపర్వమున కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టమును మీరందరు వినియున్నారు. ద్రోణాచార్యుడు తన శిష్యులు విద్య నేర్చిరని ధృతరాష్ట్రునకు విన్నవించెను. రంగస్థలము కట్టిరి. పురజనులందరు వచ్చి చూచిరి. భీమదుర్యోధనులు గదలతో తలపడిరి. అర్జునుడు తన విద్యను చూపెను. అప్పుడు కర్ణుడు రంగమున ప్రవేశించెను. అర్జునుడు చేసినదంతయు తానును చేసి చూపెను. కాని ద్వంద్వయుద్ధమునకు సిద్ధమగునప్పటికి కృపాచార్యుడు అతని వంశమేదని అడిగెను. కర్ణుడు తలవంచుకొనెను. దుర్యోధనుడు అంగరాజ్యమిచ్చి అతనిని నిలబెట్టెను. ఆ ఋణమే తరువాత కురుక్షేత్రము దాక సాగినది. ఒక పిల్లవానిని బరిలో దిగనీయక పుట్టుకను ప్రశ్నించినందులకు ఒక వంశమే చెల్లించిన వెల అది. ఈ కథను మనస్సునందుంచుకొని నేటి రంగస్థలమును చూడుడు.

నేడు పిల్లలకు నిర్మించిన రంగములలో పెద్దది యువ ఒలింపిక్ క్రీడలు. బెల్జియము దేశస్థుడును, శస్త్రవైద్యుడును అయిన జాక్ రోగ్ అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమునకు అధ్యక్షుడై యుండగా ఈ క్రీడల నేర్పాటు చేయవలెనని తలపెట్టెను. 2007లో గ్వాటెమాలా నగరమున జరిగిన సమావేశమున సంఘము దీనిని అంగీకరించెను. 15 మొదలు 18 సంవత్సరముల వయస్సుగల బాలబాలికలకే ఇందు ప్రవేశము. తొలి క్రీడలు 2010 ఆగస్టులో సింగపూరునందు జరిగినవి. 204 దేశముల ఒలింపిక్ సంఘములనుండి సుమారు 3,600 మంది వచ్చిరి. ఈ క్రీడలకొక ప్రత్యేకత కలదు. కొన్ని పోటీలలో వేరువేరు దేశముల పిల్లలను కలిపి ఒకే జట్టుగా దింపుదురు. ఆ పతకములు ఏ దేశపు లెక్కలోను చేరవు. పిల్లలు గెలుపును మాత్రమే కాక స్నేహమును కూడ నేర్చుకొనవలెనని పెద్దల తలంపు.

ఇక మన పద్దులు.

సింగపూరునకు మనదేశమునుండి 32 మంది వెళ్లిరి. 8 పతకములు తెచ్చిరి. 6 రజతములు, 2 కాంస్యములు, స్వర్ణము లేదు. టెన్నిస్ క్రీడలో యూకీ భాంబ్రీ, బాడ్మింటన్‌లో ప్రణయ్, కుస్తీలో పూజా ఢాండా, ముష్టియుద్ధమున శివ థాపా, 400 మీటర్ల హర్డిల్స్ పరుగులో దుర్గేశ్ కుమార్, డిస్కస్ విసరుటలో అర్జున్ రజతములు గెలుచుకొనిరి. కుస్తీలో సత్యవర్త్ కాదియాన్, ముష్టియుద్ధమున వికాస్ కృష్ణన్ కాంస్యములు పొందిరి.

2014లో చైనా దేశపు నాన్‌జింగ్ నగరమున రెండవసారి క్రీడలు జరిగినవి. అందు మనకు దక్కినవి 2 పతకములే. విలువిద్యలో అతుల్ వర్మకు కాంస్యము. బరువులెత్తుటలో, 77 కిలోల తరగతియందు, రజతము. ఆ రజతము మన తెలుగు బిడ్డడైన రాగాల వెంకట రాహుల్‌ది. ఆ పద్దు దగ్గర కొంత ఆగవలసియున్నది; మరల వచ్చెదను.

2018 అక్టోబరులో దక్షిణ అమెరికాయందలి బ్యూనస్ ఐరిస్ నగరమున మూడవసారి జరిగినవి. అక్కడ మన పద్దు ఒక్కసారిగా పెరిగెను. 3 స్వర్ణములు, 9 రజతములు, 1 కాంస్యము, మొత్తము 13. పట్టికలో 17వ స్థానము. బరువులెత్తుటలో, 62 కిలోల తరగతియందు, మిజోరము బాలుడు జెరెమీ లాల్‌రిన్నుంగా మొత్తము 274 కిలోలు ఎత్తి స్వర్ణము తెచ్చెను. అప్పటికి అతనికి 16వ ఏడు నిండలేదు. యువ ఒలింపిక్ క్రీడలలో భారతదేశమునకు అదియే తొలి స్వర్ణము. హర్యానాలోని గోరియా గ్రామపు బాలిక మను భాకర్, మీరట్ జిల్లా కలీనా గ్రామపు బాలుడు సౌరభ్ చౌధరి, ఇరువురును 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలలో స్వర్ణములు గెలిచిరి. రైఫిల్ పోటీలలో తుషార్ మానే, మెహులీ ఘోష్, బాడ్మింటన్‌లో లక్ష్య సేన్, కుస్తీలో సిమ్రన్, 5,000 మీటర్ల నడకలో సూరజ్ పన్వర్, విలువిద్యలో ఆకాశ్ మలిక్, జూడోలో మణిపురపు తబాబీ దేవి, హాకీలో మన బాలుర జట్టు, బాలికల జట్టు రజతములు పొందిరి. త్రిపుల్ జంప్‌లో ప్రవీణ్ చిత్రవేల్‌కు కాంస్యము.

మూడింటిని కూడినచో 3 స్వర్ణములు, 16 రజతములు, 4 కాంస్యములు, వెరసి 23. శీతకాలపు యువ ఒలింపిక్ క్రీడలు 2012లో ఇన్స్‌బ్రుక్‌నందు ప్రారంభమై 2024లో కాంగ్వాన్ వరకు నాలుగుమార్లు జరిగినవి. అందు మన పద్దు శూన్యము. 2008లో పూనా నగరమున జరిగిన కామన్వెల్త్ యువక్రీడలలో మాత్రము, సొంత నేలపై ఆడినందుననేమి, 33 స్వర్ణములతో మనమే ప్రథమస్థానమున నిలిచితిమి. హైదరాబాదున శిక్షణ పొందిన సైనా నెహ్వాల్ అక్కడ స్వర్ణము గెలిచినది. 2025 అక్టోబరులో బహ్రెయిన్‌నందు జరిగిన ఆసియా యువక్రీడలలో మనవారు 13 స్వర్ణములతో 48 పతకములు తెచ్చిరి. మన పల్లెల ఆటయైన కబడ్డీలో బాలురు, బాలికలు ఇరువురును స్వర్ణములు సాధించిరి.

ఇంతవరకు విని, నూట నలుబది కోట్ల జనము గల దేశమునకు మూడు యువ ఒలింపిక్ క్రీడలలో 23 పతకములా యని కొందరు పెదవి విరువవచ్చును. 2018లో ఒక్క రష్యా దేశమే 29 స్వర్ణములు గెలుచుకొనినది గదా యనవచ్చును. వేరొకరు, 8 నుండి 2, 2 నుండి 13, చూచితిరా మన ప్రగతి యని చేతులు చరచవచ్చును. ఇరువురును మొత్తమునే చూచుచున్నారు. నా మనవి యేమనగా, ఈ పుస్తకమున మొత్తములకు విలువ తక్కువ. ఇది పంట లెక్క కాదు, నారుమడి లెక్క.

మీరందరు వ్యవసాయము తెలిసినవారు. నారుమడి పచ్చగా నున్నదని ఎవడైన గాదెలు కట్టించుకొనునా? నారు ఊడ్చి, నీరు పెట్టి, కలుపు తీసి, తెగులును కాచుకొని, కోతనాడు గదా లెక్క చూచుకొనునది. నారుమడి దగ్గర అడుగవలసిన ప్రశ్నలు వేరు. విత్తనము నిజమైనదా? ఊడ్చిన పిదప నిలిచినదా? నిలువకపోయినచో లోపము నారుదా, సేద్యగానిదా? ఈ మూడు ప్రశ్నలను ఈ పతకముల నడిగి చూతము.

ముందుగా ఊడ్పు సంగతి. సింగపూరున కాంస్యము పొందిన వికాస్ కృష్ణన్, మూడు నెలలలోనే గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో పెద్దలతో పోరాడి స్వర్ణము గెలిచెను. పిమ్మట మూడు ఒలింపిక్ క్రీడలలో పాల్గొనెను. శివ థాపా 2012లో లండన్ ఒలింపిక్ బరిలో దిగి, 2015లో ప్రపంచ పోటీలలో కాంస్యము పొందెను. పూజా ఢాండా ప్రపంచ కాంస్యము 2018లో వచ్చినది, అనగా ఎనిమిదేండ్లకు. ప్రణయ్ ప్రపంచ కాంస్యము 2023లో వచ్చినది, అనగా పదమూడేండ్లకు! పదమూడేండ్లు ఒక ఆటగాడు ఓడుచు, గాయపడుచు, మరల లేచుచు ఉండవలెనన్న ఎంత ఓర్పు కావలెను? అతనికి మాత్రమే కాదు, అతని వెనుక నున్నవారికి కూడ.

మను భాకర్ కథ ఇంకను ఆలోచింపదగినది. 16వ ఏట స్వర్ణము తెచ్చినది. దేశమంతయు పొగడినది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో ఆమె పిస్తోలు మధ్యలో మొరాయించినది; మూడు పోటీలలో ఒక్కదానియందును తుదిపోరునకు చేరలేకపోయినది. పొగడిన నోళ్లే తెగడినవి. 2024లో ప్యారిస్‌నందు ఆమెయే రెండు కాంస్యములు గెలిచినది. స్వతంత్ర భారతమున ఒకే ఒలింపిక్ క్రీడలలో రెండు పతకములు పొందినవారిలో ఆమెయే మొదటిది. నారు ఊడ్చిన ఆరేండ్లకు పంట చేతికివచ్చినది. మూడవ యేట పైరు వాడినదని పీకివేసియున్న ఏమయ్యెడిది?

బ్యూనస్ ఐరిస్ బాలుర హాకీ జట్టు నాయకుడు వివేక్ సాగర్ ప్రసాద్ టోక్యోలోను ప్యారిస్‌లోను కాంస్యము గెలిచిన భారత జట్టులలో నిలిచెను. బాలికల నాయకురాలు, ఝార్ఖండు పల్లెబిడ్డ సలీమా టేటే టోక్యోలో నాలుగవస్థానము పొందిన జట్టులో ఆడి, 2024లో దేశపు మహిళాజట్టుకే నాయకత్వము వహించినది. లక్ష్య సేన్ 2022లో కామన్వెల్త్ స్వర్ణము పొంది, ప్యారిస్‌లో కాంస్యము అంచువరకు వెళ్లి నాలుగవవాడయ్యెను. జెరెమీ 2022లో బర్మింగ్‌హామ్‌నందు కామన్వెల్త్ స్వర్ణము గెలిచెను. ఆ తరువాత గాయములు వెంటాడగా ప్యారిస్‌కు చేరలేకపోయెను. సౌరభ్ టోక్యోలో అర్హతపోటీయందు అందరికంటె ముందుండియు తుదిపోరున ఏడవస్థానమున నిలిచెను. ప్యారిస్ జట్టులో అతనికి చోటు దొరకలేదు. కొందరి పేర్లు ఆ తరువాత పత్రికలలో అరుదయ్యెను.

ఇవి నష్టపు పద్దులని నేను వ్రాయజాలను. ఇక్కడ మనకు ద్రోణపర్వము జ్ఞప్తికి రావలెను. అభిమన్యుడు పదునారేండ్లవాడు. పద్మవ్యూహమున ప్రవేశించుట తెలియును, వెలికి వచ్చుట తెలియదని ముందే చెప్పెను. వెనుకనే వచ్చెదమని పెద్దలు మాట యిచ్చిరి. సైంధవుడు అడ్డగింపగా రాలేకపోయిరి. అభిమన్యుడు ఓడెనని ఎవరైన అందురా? పిల్లవానిని వ్యూహములోనికి పంపిన పెద్దలు వెంట నడువలేకపోయిరని యందుము. పదునారేండ్ల బాలునకు స్వర్ణపతకము వచ్చిననాడు పూలమాలలు వేయువారు వేలమంది. మోకాలు దెబ్బతిని ఇంటికడ కూర్చున్ననాడు పలుకరించువారెందరు? చదువు మధ్యలో ఆగిన ఆ బిడ్డకు దారి చూపువారెందరు? లెక్క తేల్చవలసినది అక్కడ.

ఇక కర్ణుని దగ్గరకు వత్తము. వెంకట రాహుల్ స్వగ్రామము బాపట్ల సమీపమునందలి స్టువర్టుపురము. ఆ ఊరి చరిత్ర మీలో పెద్దలకు తెలియును. ఆంగ్లేయుల కాలమున ఒక చట్టము చేసి, కొన్ని తెగలవారిని పుట్టుకతోడనే నేరస్థులని ముద్రవేసిరి. తల్లి గర్భమునందున్న శిశువునకు కూడ ఆ ముద్ర తప్పలేదు. అట్టి కుటుంబములను తెచ్చి నిలిపిన ఊళ్లలో అదియొకటి. స్వతంత్రము వచ్చిన పిదప 1952లో ఆ చట్టము రద్దయ్యెను. చట్టము పోయినను లోకుల నోట మాట పోవుటకు చాల కాలము పట్టినది. ఊరిపేరు చెప్పినంతనే కనుబొమలు ముడివడుట మన తరమువారమెరుగుదుము. అట్టి ఊరినుండి ఒక బాలుడు బయలుదేరి, హకీంపేట క్రీడాపాఠశాలలో శిక్షణ పొంది, నాన్‌జింగ్‌నందు ప్రపంచపు పిల్లల నడుమ నిలిచి రజతమును పైకెత్తెను. 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్ నగరమున, 85 కిలోల తరగతియందు, మొత్తము 338 కిలోలెత్తి కామన్వెల్త్ స్వర్ణమును గెలిచెను. నాడు హస్తినాపురమున కర్ణుని వంశమేదని యడిగిరి. నాన్‌జింగ్‌లో ఇనుపగుండ్లు వెంకట రాహుల్‌ను ఏ ఊరివాడవని యడుగలేదు. ఎత్తగలవా యనియే యడిగినవి. ఎత్తెను.

నేటి రంగమున బిడ్డను వంశమడుగరు, నిజమే. కాని ఒకటి తప్పక అడుగుదురు. అది వయస్సు. ఇదియే నేను మీకు ముఖ్యముగా చెప్పదలచిన సంగతి. విత్తనము నిజమైనదా యన్న ప్రశ్న ఇదియే.

2013 ఆగస్టులో అదే నాన్‌జింగ్ నగరమున ఆసియా యువక్రీడలు జరిగినవి. అప్పుడు మన పిల్లలకు రెండు అవమానములు కలిగినవి. మొదటిది, దేశపు ఒలింపిక్ సంఘమును దాని ఎన్నికల వ్యవహారమున అంతర్జాతీయ సంఘము 2012 డిసెంబరులో బహిష్కరించి యుండెను. 2014 ఫిబ్రవరి వరకు ఆ శిక్ష తొలగలేదు. అందువలన మన పిల్లలు త్రివర్ణపతాకము లేక, ఒలింపిక్ పతాకము క్రింద నడువవలసివచ్చెను. పెద్దల తగవునకు పిల్లలు జెండా పోగొట్టుకొనిరి. రెండవది, మన క్రీడాకారులలో కొందరు వయోనియమమునకు సరిపడరని వారిని బరిలో దిగనీయలేదు. అంత దూరము పోయి, పరుగెత్తకయే తిరిగివచ్చుటకంటె దుఃఖమేమున్నది?

వయస్సు తగ్గించి చెప్పుట మన దేశపు బాలక్రీడలలో పాతుకొనిపోయిన తెగులు. కేంద్ర క్రీడా మంత్రిత్వశాఖ 2010లోనే దీనిని అరికట్టుటకు ఒక నియమావళిని చేసినది. ఎడమచేతి మణికట్టు ఎముకలకు ఎక్స్‌రే తీసి, ఎముకల పెరుగుదలను బట్టి వయస్సును అంచనా కట్టు పద్ధతి నెలకొన్నది. అయినను అది అంచనాయే. నిజమైన సాక్ష్యము జనన నమోదు పుస్తకమునందలి పద్దు.

ఈ తెగులు ఎక్కడ పుట్టుచున్నది? ఢిల్లీలో కాదు, మన వీధి అరుగులమీదనే. మన తరమువారి పుట్టిన తేదీలను చూడుడు. సగము ఊరు జూన్ నెలలోనే పుట్టినది! బడిలో చేర్చునాడు పంతులుగారు వేసిన తేదీయే జన్మదినము. ఉద్యోగమునకు రెండేండ్లు కలిసివచ్చునని తండ్రియే తగ్గించి వేయించిన సందర్భములును తక్కువేమి కాదు. నాడు అది ఎవరికిని పాపమని తోచలేదు. కాని ఆ అలవాటే ఆటస్థలమునకు వచ్చినప్పుడు దాని విషము తెలియును. పందొమ్మిదేండ్లవాడు పదునారని చెప్పి పరుగెత్తినచో నిజముగా పదునారేండ్లున్న బాలుడు ఓడిపోవును. నాకు చేతకాదని తలచి ఇంటికి పోవును. వాడే రేపటి పంట. గెలిచినవాడు పెద్దలలో కలిసిననాడు వానికి ఆ మూడేండ్ల అధిక బలము ఉండదు, వాడును నిలువడు. ఒక్క అబద్ధపు పద్దుచేత ఇద్దరు బిడ్డలు చెడిరి. దేశమునకు మిగిలినది ఒక పతకము, అదియును సందేహముతో కూడినది. తాలువిత్తు చల్లి నారు మొలవలేదని ఏడ్చినట్లున్నది మన వ్యవహారము.

అమ్మలారా, అయ్యలారా! 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము బిడ్డ పుట్టిన 21 దినములలోపల నమోదు చేయించవలెను. 2023 అక్టోబరు 1వ తేదీ తరువాత పుట్టిన బిడ్డలకు బడిలో చేరుట మొదలు పుట్టినతేదీ అవసరమగు ముఖ్యమైన పనులన్నిటికి జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టమును సవరించిరి. ఇది ఆటలకొరకు చేసిన చట్టము కాదు. అయినను ఆటకు వెళ్లు బిడ్డకు మొదటి కవచము ఇదియే. కవచకుండలములతో పుట్టినవాడు కర్ణుడొక్కడే. మన పిల్లలకు కవచము మనము చేయించవలసినదే.

వయస్సును గూర్చి మరియొక మాట. నాలుగవ యువ ఒలింపిక్ క్రీడలు ఆఫ్రికా ఖండమున, సెనెగల్ దేశపు డకార్ నగరమున 2022లో జరుగవలసియుండెను. కరోనా మహమ్మారి కారణమున వానిని 2026 అక్టోబరు, నవంబరు మాసములకు వాయిదా వేసిరి. పెద్దల క్రీడలు ఒక యేడు ఆలస్యమైనచో ఆటగాడు ఒక యేడు ఆగును. పిల్లలకట్లు కాదు. 2022లో పదునేడేండ్లున్న బాలికకు 2026లో ఇరువదియొకటి. ఆమెకు ఆ ద్వారము మూసికొనిపోయినది; మరల తెరచుకొనదు. ఆమె ఏమి తప్పు చేసినది? ఏ పట్టికలోను ఆమె పేరుండదు. బాల్యము వాయిదా వేయుటకు వీలుకాని బాకీ. అందుచేత పిల్లలకు చేయవలసినదానిని వచ్చే ఏడు చూతమనువాడు దానిని ఎన్నటికిని చేయనివాడే.

ఈ లెక్కనంతటిని చూచిన పిదప నాకు తోచినదేమనగా: 23 పతకములు మనకు గర్వకారణమే. కాని అవి దేశము సంపాదించిన ఆస్తి కాదు; పిల్లలు మనయొద్ద దాచుకొన్న మూలధనము. పతకమును తెచ్చిన బిడ్డకు మనము అప్పుపడితిమి. ఆ అప్పును ఓర్పుతో, వైద్యముతో, చదువుతో, నిజాయితీతో తీర్చవలెను. తీర్చినచోట ప్యారిస్ కాంస్యములు వచ్చినవి. తీర్చనిచోట పేర్లు మాసిపోయినవి.

మన ఊరు ఏమి చేయగలదు? పెద్ద మాటలు చెప్పను. మూడు చిన్న పనులు మనవి చేసెదను.

మొదటిది, ఊరిలో పుట్టిన ప్రతి బిడ్డ పేరును గడువులోపల, నిజమైన తేదీతో నమోదు చేయింతము. పాపకు నామకరణము చేయుటకు ముహూర్తము చూచువారము, పుట్టిన గడియను జాతకమున విఘడియలతో సహా వ్రాయించువారము, ప్రభుత్వపు పుస్తకమున మాత్రము సంవత్సరమునే మార్చివేయుట ఏమి ధర్మము?

రెండవది, బడి వెనుకనున్న ఖాళీస్థలమును కళ్లముగా, పశువులదొడ్డిగా మార్చక పిల్లల ఆటకు విడిచిపెట్టుదము. ముఖ్యముగా ఆడపిల్లలు సాయంకాలము అక్కడ పరుగెత్తిన, చూచి నవ్వక యుందము. గోరియా గ్రామము మన ఊరికంటె ఇంద్రనగరము కాదు.

మూడవది ఈ గ్రంథాలయము చేయవలసినది. ఒక పుస్తకము తెరువవలెను. ఊరి పిల్లలలో ఎవరేమి ఆడుచున్నారు, మండలమునకు, జిల్లాకు ఎప్పుడు వెళ్లిరి అను వివరములు వ్రాయవలెను. గెలుపునకొక గడి, ఓటమికొక గడి ఉండవలెను. చివర, తరువాత ఏమైరి అనునది మరియొక గడి. ఆ చివరి గడి ఖాళీగా నున్న ప్రతి పేరు దగ్గర మన పెద్దలలో ఒకరు ఆ యింటికి వెళ్లి, బాబూ, ఏల మానితివి, మేమేమి చేయగలము అని అడుగవలెను. దీనికి నిధులక్కరలేదు. ఒక దస్త్రము, ఒక కలము, అడుగు మనస్సు చాలును. ఆ పుస్తకమును వ్రాయు పనిని నాకప్పగించినచో కృతజ్ఞుడను.

పాతికేండ్లుగా ఈ గ్రంథాలయము మన పిల్లలకు పుస్తకము చదువుట నేర్పినది. రాబోవు పాతికేండ్లలో పెద్దలకు పిల్లలను చదువుట కూడ నేర్పుగాక! అప్పుడు స్వర్ణోత్సవమున మాట్లాడుటకు మన ఊరి బిడ్డలలోనే ఒకరు ఈ వేదికపై నిలిచెదరు. వారి మెడలో పతకమున్నను లేకున్నను, తలవంచుకొని మాత్రము నిలువకూడదు. అదియే నా ప్రార్థన.